గురమ్మ ఫోన్ పెట్టెయ్యకూడదు

బాబీ చచ్చిపోయిన మర్నాడు పొద్దున్న చీఫ్‌కి మెసేజ్ పంపాడు.

విజయనగరం గంటస్తంభం దగ్గర సందులో వాడిది సెల్‌ఫోన్ రిపేరు షాపు. ముందురోజు సాయంత్రం షట్టరు దింపుతూ వంగినవాడు మళ్ళీ లేవలేదు. మెడ వెనక సూది గుచ్చిన మచ్చ. జనం గుండెపోటన్నారు. ముప్పై నిండని కుర్రాడికి గుండెపోటేమిటని ఒక్కడూ అడగలేదు. పక్క షాపువాడు సోడా తాగుతూ అయ్యో పాపం అన్నాడు, అంతే. బాబీ గూఢచారి డిపార్ట్‌మెంట్ మనిషని వాడి పెళ్ళానికే తెలీదు, ఇక సందుకేం తెలుస్తుంది?

బాబీకి ఒక పిచ్చి ఉండేది. ఏ పనీ చేత్తో చెయ్యడు, ఫోన్ చేత చేయిస్తాడు. ఇంటి గుమ్మం దగ్గరికి రాగానే వైఫై దానంతటదే ఆన్ అవ్వాలి. బండి స్టార్ట్ చేస్తే పాటలు మొదలవ్వాలి. చర్చిలో కూర్చుంటే సైలెంటైపోవాలి. ఇలా జరిగితే అలా చెయ్యి అని ఫోన్‌కి ఒకసారి నేర్పి వదిలేస్తే ఇక జన్మలో వేలు కదపక్కర్లేదనేవాడు. ఆ పిచ్చిలోనే ఇంకో టాస్క్ కూడా పెట్టుకున్నాడు: పొద్దున్న అలారం మోగాక ఎవరూ ఫోన్ అన్‌లాక్ చెయ్యకపోతే, రాసి ఉంచిన మెసేజ్‌ని చీఫ్‌కి పంపు. అలారం మోగింది. మోగి మోగి ఆగిపోయింది. మెసేజ్ వెళ్ళిపోయింది.

"సాగరబంధు ట్రస్ట్. ఐస్ పెట్టెల్లో ఒకదానిలో బాంబు. ముక్కాం గంగులు బోటు. టార్గెట్ ఓడ. గురువారం. షాలినిని అడగండి."

ఆ రోజు గురువారమే.

అరగంటలో లక్ష్ముడు ఖద్దరు షాపు మెట్లెక్కాడు. బల్ల దగ్గరున్న ముసలాయన్ని పొందూరు సన్నపంచె ఉందా అని అడిగాడు. ఉంది గానీ మీ సైజు లేదన్నాడాయన. పంచెకి సైజేమిటని అడిగితే వాడు మామూలు కస్టమరు. అడక్కుండా లోపలికి నడిస్తే మనవాడు. లక్ష్ముడు లోపలికి నడిచాడు.

పై గదిలో చీఫ్ మ్యాప్ పరిచి నిలబడి ఉన్నాడు. కూర్చోమనలేదు.

"గంగులు నీకేమవుతాడు?"

"బావ."

"అయితే గురమ్మ మీ అక్క."

"మాట్లాడదు."

"ఎందుకు?"

"మీకు తెలుసు సార్."

చీఫ్ మ్యాప్ వైపు తిరిగాడు. అవును, ఆయనకి తెలుసు. మూడేళ్ళ కిందట లక్ష్ముడి తండ్రి పోయాడు. ఆ రోజు లక్ష్ముడు పేరు చెప్పకూడని రేవులో, పేరు చెప్పకూడని ఓడ అడుగున, నూనె పీపాల మధ్య దాక్కుని ఉన్నాడు. చావు కబురు చీఫ్‌కి అందింది. మిషన్ అయ్యేదాకా దాన్ని ఆయన జేబులోనే ఉంచుకున్నాడు. లక్ష్ముడు సొంతూరు ముక్కాం చేరేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. ఒక్క కొడుకు. కొరివి అల్లుడు పెట్టాడు. ఎక్కడ చచ్చావురా అని అక్క అడిగితే ఆఫీసు పని అన్నాడు. ఊళ్ళో అందరికీ అతను ఇన్సూరెన్సు ఆఫీసు గుమాస్తా. కన్నతండ్రికి కొరివి పెట్టడానికి కూడా తీరనంత పని ఏ గుమాస్తాకుంటుంది? ఆ రోజు నుంచి గురమ్మకి తమ్ముడు లేడు. ఇందులో లక్ష్ముడు చీఫ్‌ని క్షమించిందీ లేదు, చీఫ్ క్షమించమని అడిగిందీ లేదు. ఇద్దరూ సర్వీసులో ఉన్నారు కాబట్టి ఒక గదిలో నిలబడగలుగుతున్నారు.

"బ్రీఫింగ్ విను," అన్నాడు చీఫ్. సాగరబంధు ట్రస్ట్ పేరుతో కార్ల్ అనే విదేశీయుడు భోగాపురం తీరంలో దిగాడు. ఏ దేశమో చీఫ్ చెప్పాడు, నేను చెప్పను. పల్లెపల్లెకీ స్మార్ట్‌ఫోన్లూ ఐస్ పెట్టెలూ ఉచితంగా పంచాడు. ఫోన్లలో ఒక ఆటోమేషన్ యాప్. గాలి పెరిగితే ఫోన్ తనే తెలుగులో అరిచి చెప్తుంది. బోటు బయల్దేరితే ఇంటికి తనే మెసేజ్ పెడుతుంది. ఒడ్డుకి తిరిగొస్తే చేపల షావుకారుకి తనే కబురు పంపుతుంది. మత్స్యకారులు చప్పట్లు కొట్టారు, పేపర్లలో ఫొటోలు పడ్డాయి. ఈ వారమే మన పరిశోధన ఓడ ఒకటి ఆ తీరానికి ఎదురుగా లంగరేసింది. లోపల సైంటిస్టులు ఎనభై మంది దాకా ఉన్నారు.

"కోస్ట్‌గార్డ్ గంగులు బోటు కోసం వెతుకుతోంది. నువ్వు ట్రస్ట్ ఆఫీసుకి వెళ్ళు. షాలిని ఎవరి మనిషో నాకూ తెలీదు. నమ్మకు."

"మిమ్మల్ని నమ్మినంత నమ్ముతాను సార్," అన్నాడు లక్ష్ముడు.

చీఫ్ ఒక స్కానర్ పెన్నూ, చెవిలో పెట్టుకునే ఇయర్‌పీసూ ఇచ్చాడు. పెన్ను అక్కడే బల్ల మీద వదిలేశాడు లక్ష్ముడు. కిందటి మిషన్‌లో అది శత్రువు కంటే ముందు అతని చొక్కా మీద సిరా కక్కింది.

ట్రస్ట్ ఆఫీసు భోగాపురం హైవే పక్కన, ఎయిర్‌పోర్టొస్తుందని పుట్టుకొచ్చిన ప్లాట్ల ఆఫీసుల వరసలో మేడ మీద ఉంది. లక్ష్ముడు టవర్ మెకానిక్ వేషంలో వెళ్ళాడు. నీలం చొక్కా, నడుముకి పనిముట్ల బెల్టు, చేతిలో కేబులు చుట్ట. వాచ్‌మన్ అడ్డుపడితే సిగ్నల్ కంప్లయింటన్నాడు. సిగ్నల్ కంప్లయింటంటే ఈ దేశంలో తెరుచుకోని తలుపు లేదు.

గదిలో ఒకే ఒక్క మనిషి. గోడనిండా స్క్రీను. నల్లచీర, నల్లకళ్ళజోడు, కుర్చీలో కూర్చున్న తీరే సగం ఊరిని పడగొట్టేలా ఉంది. బొబ్బిలి చర్చి మిషన్ కాంపౌండులో పుట్టి, ఇంజినీరింగ్ చదివి, రెండు దేశాల జీతం తినే షాలిని. అతన్ని ఒకసారి కింద నుంచి పైదాకా చూసింది. ల్యాప్‌టాప్ బ్యాగులోంచి పిస్టల్ తీసి గురిపెట్టింది.

"టవర్ మెకానిక్‌లు బూట్లకి పాలిష్ పెట్టుకోరు లక్ష్ముడు గారూ."

"బాబీ పోయాడు," అన్నాడు లక్ష్ముడు.

పిస్టల్ కదల్లేదు గానీ పెదవులు పాలిపోయాయి. ఎప్పుడంది. నిన్న సాయంత్రమన్నాడు. మరి మీకెవరు చెప్పారంది. వాడి ఫోనే చెప్పిందన్నాడు. షాలిని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. పిస్టల్‌ని మాత్రం చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే పెట్టింది. ఏడవలేదు. ఆ మనిషికి ఏడుపొచ్చిందా లేదా అన్నది ఈనాటికీ నాకు తేలలేదు.

"టైముందా?" అన్నాడు లక్ష్ముడు.

"పదకొండు దాకా."

గోడ గడియారం పదకొండుకి పావుగంట తక్కువ చూపిస్తోంది.

ఆమె గబగబా చెప్పింది. గాలి హెచ్చరికలూ మెసేజ్‌లూ, వాటి వెనక నడిచే దొంగ ట్రాకింగూ తను రాసినవే. చివర్లో మూడు టాస్కులు కార్ల్ స్వయంగా రాసి, గంగులు ఫోన్‌లోకి మాత్రం ఎక్కించి, తాళం వేశాడు. చూడగలదు, మార్చలేదు. ఆ ఫోన్ ఆర్డరిస్తే గంగులు ఐస్ పెట్టె గోడల్లో ఉన్న సరుకు పేలుతుంది. మొదటి టాస్క్: ఫోన్ ఓడ దగ్గరికి చేరితే ఆర్డర్. రెండోది: పదకొండయినా చేరకపోతే, సాక్ష్యం మిగలకుండా ఆర్డర్. మూడోది: పెట్టెని ఫోన్‌కి దూరం చేసినా, ఫోన్ ఆపబోయినా ఆర్డర్. ఈ ముక్క తెలిసి తను బాబీకి చెప్పింది. బాబీని ఎవరో పట్టించారు.

"నువ్వు కాదని నేనెలా నమ్మాలి?"

"నమ్మకండి. పని చూడండి."

అప్పుడే ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు పలికింది. కోస్ట్‌గార్డ్‌కి గంగులు బోటు దొరికింది. అందులో వలలున్నాయి, నలుగురు మనుషులున్నారు, అన్నం క్యారేజీ ఉంది. ఐస్ పెట్టె లేదు. ఫోన్ లేదు. గంగులు ఏమీ తెలీదంటున్నాడు, నువ్వే మాట్లాడమని లైన్ కలిపాడు.

"బావా, ఫోనేది?"

"ఎవులూ, లక్ష్ముడివా?" గంగులు గొంతు గాలికి ఎగిరిపోతోంది. "ఫోను మీ అక్క కాడున్నాది. ఐసు పెట్టీ దానికాడే. సముద్రం మీదకి ఫోనెవుడట్టుకెల్తాడ్రా? ఉప్పునీల్లు తగిల్తే సచ్చిపోద్ది. అది బేరానికెల్లినప్పుడు అట్టుకెల్తాది."

లక్ష్ముడు నెత్తి కొట్టుకున్నాడు. ఆ ఒడ్డున పుట్టాడు, ఆ ఇసకలో దొర్లాడు, ఇంత చిన్న సంగతి మర్చిపోయాడు. బుర్రలో పాస్‌పోర్టులూ పాస్‌వర్డులూ కుక్కుకుంటూ పోతే పుట్టిన ఊరికి చోటెక్కడిది? ముక్కాంలో ఇంటికో ఫోను. మగవాడు నీళ్ళ మీదకి పోతాడు. ఫోను ఆడమనిషి రొంటిన సంచిలో పడి, చేపల పెట్టెతో పాటు ఆటో ఎక్కి మార్కెట్‌కి పోతుంది. సముద్రంలో ఐస్ పెట్టెతో ఎవడికి పని? చేపని మర్నాటి దాకా నిలబెట్టుకుని అమ్మాల్సింది గురమ్మ, గంగులు కాదు.

"మరి ఇక్కడ సముద్రంలో ఉన్నట్టు చూపిస్తోందే!" అంది షాలిని. స్క్రీను మీద గంగులు బోటు బొమ్మ తీరం పక్కనే నీళ్ళలో ఊగుతోంది. చూస్తుండగానే ఆమె మొహం మారింది. మొదటి నెలంతా బోట్లన్నీ నేల మీద తిరుగుతున్నట్టు కనిపించాయట. విజయనగరం బజార్లో బోటు, గజపతినగరం సెంటర్లో బోటు. మ్యాప్ తప్పనుకుని కార్ల్ మండిపడి, బోటు నేల మీద కనిపిస్తే దగ్గరున్న సముద్రంలోకి జరపమని దానికీ ఒక టాస్క్ రాయించాడు. ఇంత చదువూ చదివి, ఇన్ని సముద్రాలు దాటొచ్చి, ఒక్కడైనా రేవులో నిలబడి ఫోన్ ఎవరి చేతిలో ఉందో చూడలేదు. పైగా నిజం చూపిస్తున్న మ్యాప్‌నే దిద్దుకున్నారు.

ఆమె ఆ టాస్క్ ఆపేసింది. బోటు బొమ్మ ఒక్క గెంతులో శృంగవరపుకోట మార్కెట్ నడిమధ్యకి వచ్చి పడింది.

అరవై కిలోమీటర్ల దూరం. సంతరోజు. ఆ ఇరుకులో వెయ్యి మంది.

చీఫ్ అప్పటికే శృంగవరపుకోట సీఐ జేమ్స్‌కి లైన్ కలిపాడు. స్టేషను మార్కెట్‌కి దగ్గరే, అయిదు నిమిషాల్లో చేరతానన్నాడు జేమ్స్. చేరి ఏం చేస్తాడు? పెట్టె ఎత్తితే పేలుతుంది. ఫోన్ లాక్కుని ఆపబోతే పేలుతుంది. లక్ష్ముడు షాలిని వైపు తిరిగాడు. ఏదో ఒక సందు ఉండే ఉండాలన్నాడు, నువ్వు రాసిన యాప్ కదా అన్నాడు. ఆమె జబ్బ పట్టుకోబోయాడు కూడా.

"ఉంది," అంది షాలిని. "జనం మాట్లాడుకుంటుంటే మధ్యలో గాలి హెచ్చరికలు మోగుతున్నాయని తిట్టారు. అందుకని నేనే పెట్టాను. కాల్ నడుస్తున్నంతసేపూ ఏ టాస్కూ కదలదు, వరసలో ఆగుతుంది. కార్ల్ టాస్కులైనా సరే. వాడది చూసుకోలేదు."

"కాల్ కట్టయితే?"

"ఆ క్షణమే అన్నీ నడుస్తాయి. ఈలోగా పెట్టె ఫోన్‌కి అందనంత దూరం పోతే ఆర్డర్ గాల్లో పోతుంది."

"అయితే అక్కకి చెప్పేస్తాను. ఫోన్ కట్ చెయ్యొద్దని చెప్తాను."

"చెప్తే ఫోన్ విసిరేసి పరుగెడుతుంది. భయపడ్డ మనిషి మొదట చేతిలో ఉన్నదే పారేస్తుంది. మార్కెట్ మొత్తం తొక్కుకుంటుంది. అసలు మీరు చెప్తే నమ్ముతుందా?"

నమ్మదు. మూడేళ్ళుగా అతను చెప్పిన ఏ మాటా నమ్మలేదు. లక్ష్ముడు షాలిని ఫోన్ లాక్కుని నంబరు నొక్కాడు. అతని నంబరైతే ఎత్తదు. ఇదైతే హోటలు బేరమనుకుని ఎత్తుతుంది.

ఎత్తింది.

"ఎవులు?"

"నేనేనక్కా. లక్ష్ముడ్ని."

వెనక ఎవరో ఉల్లిపాయలు, ఉల్లిపాయలు అని అరుస్తున్నారు. అక్క బొటనవేలు ఎర్రబటన్ మీదకి పోతుండటం అతనికి తెలిసిపోయింది.

"అయ్య బోటు అమ్మేస్తన్నాను," అన్నాడు గబుక్కున. "సగం నాది. బావని ఒడ్డుకి లాగించీమను."

ఎన్నో ఏళ్ళుగా నోట పలకని యాస దానంతటదే వచ్చేసింది.

"ఏటన్నావు?"

"సగం నాదన్నాను."

ఇక గురమ్మ అందుకుంది. ఆ బోటుకి ఇంజను ఎవరు మార్చారో చెప్పింది. హుద్‌హుద్ గాలికి అది నడుముకి చీలిపోతే ఎవరు అతికించుకున్నారో చెప్పింది. అప్పుడు తమరు ఏ ఫ్యాను కింద కూర్చుని ఎవరి పాలసీలు రాస్తున్నారో అడిగింది. లక్ష్ముడు ఎదురు మాటాడాడు, వాటా అన్నాడు, చట్టమన్నాడు, లాయరన్నాడు. ఒక్కో మాటకీ అక్క గొంతు ఒక్కో మెట్టెక్కింది. మధ్యలో పదకొండయింది. షాలిని స్క్రీను వైపు వేలు చూపించింది. రెండో టాస్క్: వేచి ఉంది, కాల్ నడుస్తోంది.

లైన్లో ఈ మాటలన్నీ విన్న జేమ్స్ ఇయర్‌పీస్‌లో గుసగుసలాడాడు. యూనిఫాం చొక్కా విప్పేసి, తలకి తువ్వాలు చుట్టి, మూటలు మోసే కలాసీలాగా ఆమె వెనక్కి చేరాడు. కానీ ఒక చిక్కొచ్చింది.

"పెట్టె మీదే కూర్చుంది సార్. లేస్తే గానీ తియ్యలేను."

ఇటుపక్క గురమ్మకి ఆయాసమొచ్చింది. ఎవరో బేరం కూడా వచ్చినట్టున్నారు, వంజరం ఎంతని అడుగుతున్నారు.

"తీస్కో," అంది గురమ్మ. గొంతు చల్లబడిపోయింది. "ఆ బోటు నీ మొగానే ఏసుకో. నాకక్కర్నేదు. బేరాలొచ్చినాయి, ఒగ్గెయ్ ఫోను."

"అక్కా, ఉండు."

"ఒగ్గెయ్రా."

లక్ష్ముడి దగ్గర ఇంకో మాట మిగిలింది. ఆ మాట అనకుండా బతకాలని మూడేళ్ళుగా అనుకుంటున్నాడు. నిజం చెప్తే, నూనె పీపాల మధ్య కబురు తెలీక పడున్నానని చెప్తే, అక్క ఏడుస్తుంది. కూర్చున్న చోటే కూర్చుని ఏడుస్తుంది. లేవదు. అక్కని లేపాలంటే అబద్ధం కావాలి. అదీ మామూలు అబద్ధం చాలదు.

"అయ్య పోయిన్రోజు నాను ఇశాపట్నంలోనే ఉన్నాను," అన్నాడు. "కబురందింది. రాబుద్ధి కానేదు."

స్క్రీను మీద కాల్ ఇంకా నడుస్తూనే ఉంది.

"మల్లీ సెప్పు," అంది గురమ్మ.

"రాబుద్ధి కానేదన్నాను. ముసిలోడు పోతే పోయినాడు. బావున్నాడు కదా, కొరివెడతాడనుకున్నాను. పడుకున్నాను."

"లేచింది," అన్నాడు జేమ్స్.

ఆ తర్వాత గురమ్మ తిట్టిన తిట్లు నేనిక్కడ రాయను. తండ్రి చివరి రోజున మూడుసార్లు వాడి పేరే అడిగాడని చెప్పింది. కొరివి పెట్టడానికి వాడొస్తాడని శవాన్ని ఎండ వాలేదాకా ఉంచామని చెప్పింది. నువ్వు పుట్టినప్పుడు నిన్ను నా వీపున మోసి తిప్పాను, ఆ వీపు విరిగిపోనంది. మార్కెట్‌లో జనం గుమిగూడారు. వంజరం అడిగిన మనిషి వెనక్కి తగ్గాడు. ఫోన్‌ని చెవికి కాదు, మొహానికెదురుగా పట్టుకుని, అందులో తమ్ముడు నిలబడి ఉన్నట్టు వేలు చూపించి మరీ తిట్టింది. వెనక పెట్టె ఎవడెత్తుకుపోతున్నాడో ఆమెకి ఏం పట్టింది?

లక్ష్ముడు అన్నీ విన్నాడు. ఇంకా అక్కా, ఇంకా అని లోపల బతిమాలుకుంటూ, పైకి మాత్రం పెడసరంగా ఊ కొడుతూ, ఆగబోయినప్పుడల్లా ఒక మాట విసిరాడు. అతని బుగ్గలు తడిసిపోయాయి. షాలిని తల పక్కకి తిప్పుకుంది.

"భుజానికెత్తాను," అన్నాడు జేమ్స్. తర్వాత రొప్పు వినిపించింది. "కూరగాయల వరస దాటాను. జీపుకి ఇంకా దూరముంది సార్, ఫోన్ పెట్టనివ్వకండి ఆవిడ్ని, మాట్లాడించండి..."

"నాకు తమ్ముడు నేడు," అంది గురమ్మ. "సచ్చిపోనాడు. అయ్యకంటే ముందే పోనాడు."

కట్.

ఫోన్ చేతిలో బరువెక్కింది. స్క్రీను మీద అక్షరాలు ఒకదాని వెనక ఒకటి పడ్డాయి. కాల్ ముగిసింది. రెండో టాస్క్ మొదలైంది. మూడో టాస్క్ మొదలైంది. ఆర్డర్ పంపుతోంది. పెట్టె కోసం వెతుకుతోంది. ఆ చిన్న చక్రం గిర్రున తిరుగుతూనే ఉంది. షాలిని గోళ్ళు బల్ల చెక్కలోకి దిగాయి. ఇయర్‌పీస్‌లో జేమ్స్ మాటల్లేవు.

పెట్టె దొరకలేదు. మళ్ళీ ప్రయత్నించాలా?

"గేటు దాటాను సార్," అన్నాడు జేమ్స్.

ఊరి బయట పాత క్వారీలో మధ్యాహ్నానికి బాంబు స్క్వాడ్ పెట్టె విప్పింది. పైన గురమ్మ చేపలు, కింద ఐసు, గోడల్లో ఆ ఓడని రెండు ముక్కలు చేసేంత సరుకు. కార్ల్ బీచి రిసార్ట్ బాల్కనీలో దొరికాడు. బైనాక్యులర్స్ పట్టుకుని, పదకొండు దాటిన అరగంటకి కూడా ఇంకా సముద్రం వైపే చూస్తున్నాడట. బాబీ మెడలో దిగిన సూది వాడి షేవింగ్ కిట్‌లో దొరికింది. లక్ష్ముడు వాణ్ని కొట్టలేదని రిపోర్టులో ఉంది. రిపోర్టు రాసింది లక్ష్ముడే.

షాలినిని కారెక్కిస్తున్నప్పుడు ఆమె ఆగింది.

"మీరు అక్కతో చెప్పింది అబద్ధం. ఆ రోజు మీరు ఏ ఓడలో ఉన్నారో నాకు తెలుసు. మా వాళ్ళు ఆ రేవంతా మీ కోసమే గాలించారు. ఆ గాలింపు నడిపింది నేనే." ఒక కాలు కారులో పెట్టి మళ్ళీ అంది: "కావాలంటే ఆవిడకి నేను చెప్తాను."

"చెప్తే కాల్చేస్తాను," అన్నాడు లక్ష్ముడు. బెదిరింపు కాదది. అక్క ఒకసారి నిజం వింటే, తమ్ముడి పని ఏమిటో ఊరికి తెలుస్తుంది. ఊరికి తెలిస్తే కార్ల్ వెనకున్న వాళ్ళకి ముక్కాంలో ఏ ఇంటి తలుపు తట్టాలో తెలుస్తుంది. అతను బతికున్నంతకాలం గురమ్మ అతన్ని అసహ్యించుకుంటూనే ఉండాలి. చీఫ్ ఈ సంగతి విని ఏదో అనబోయాడు. లక్ష్ముడు ఆయన మొహం మీదే తలుపు వేసి ఖద్దరు షాపు మెట్లు దిగిపోయాడు.

గురమ్మ ఆ సాయంత్రమే కోట స్టేషనుకి వెళ్ళి కంప్లయింటిచ్చింది. సంతలో ఎవడో నా పెట్టీ, చేపలూ ఎత్తుకుపోయాడు, మీరంతా ఏటి సేస్తన్నారని సీఐ జేమ్స్‌నే నిలదీసింది. జేమ్స్ తల వంచుకుని అంతా రాసుకున్నాడు. ట్రస్ట్ ఫోన్లన్నీ ప్రభుత్వం వెనక్కి తీసుకుంది గానీ, ఫోన్ లేకపోతే బేరాల్లేవు కదా, గురమ్మ కొత్తది కొనుక్కుంది. కొన్న రోజే కూతురు భారతి చేత అందులో ఒకే ఒక్క టాస్క్ పెట్టించింది: లక్ష్ముడి నంబరు నుంచి కాల్ వస్తే దానంతటదే కట్టయిపోవాలి.

లక్ష్ముడు ఎక్కడున్నా ఆదివారం ఆదివారం ఆ నంబరుకి ఫోన్ చేస్తాడు. సగం రింగులో కట్టయితే ఆ ఫోన్ ఇంకా అక్క చేతిలోనే ఉన్నట్టు, అక్క క్షేమం. పూర్తిగా మోగితేనే అతనికి కంగారు.